కోనిగు పండితుడు – రెండు చిన్న వృక్షములు

గత సంవత్సరము వర్షకాలమున ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ప్రకృతిశాస్త్రమును బోధించుచు, మఱునాడు తమతమ యిండ్లనుండి ఒక్కొక్క చెట్టు ఆకును తీసికొని రావలసినదని మేము చెప్పితిమి. మన విద్యార్థులలో పెక్కుమంది అబిడ్సు, నాంపల్లి ప్రాంతముల సందులలోను, మేడలమీది వాటాలలోను నివసించువారు. పెరడు గల యిండ్లు కొలదిగానే యున్నవి. కావున మఱునాడు బల్లమీద చేరిన ఆకులలో సగమునకు పైగా కరివేప రెమ్మలే యుండుట మాకు వింతగా తోచలేదు. కొందఱు కుండీలో పెంచిన మొక్కనుండి త్రుంచి తెచ్చిరి. కొందఱు కూరగాయల బండివాడు కొసరుగా నిచ్చిన కట్టనుండి లాగి తెచ్చిరి. మేము ఆ చెట్టు శాస్త్రనామమును ముఱ్ఱాయా కోనిగీ యని నల్లబల్లపై వ్రాయగా, ఒక బాలిక లేచి కోనిగీ యనగా నర్థమేమని యడిగెను. అది యొక మనుష్యుని పేరని చెప్పితిమి. ఆ మనుష్యుడెవరని మరల నడిగెను. ఆ గంటలో మిగిలిన కాలమంతయు ఆ ప్రశ్నకే సరిపోయెను. అయినను ప్రత్యుత్తరము పూర్తి కాలేదు. ఆనాడు మిగిలిపోయిన దానిని ఈ సంచికలో వ్రాయుచున్నాము.

యోహాను గెర్హార్డు కోనిగు 1728వ సంవత్సరము నవంబరు 29వ తేదీన బాల్టికు సముద్రప్రాంతమందలి లివోనియాలో జన్మించెను. ఆ దేశభాగము నేడు లాట్వియా రాజ్యములో చేరియున్నది. ఆయన భాష జర్మను భాష. ఆయన వృత్తి వైద్యము. ఆ దినములలో వైద్యవిద్యయు వృక్షవిద్యయు కవలపిల్లలవలె కలిసి పెరుగుచుండెను. మందులలో నధికభాగము వేళ్లనుండియు, బెరడులనుండియు, ఆకులనుండియు తీయబడినవే. మూలికను గుర్తింపలేని వైద్యుడు రోగికి మేలు చేయబోయి కీడు చేయగలడు. కావున చెట్లను చక్కగా గుర్తించుట వైద్యునకు వేడుక కాదు, కర్తవ్యము.

ఈ విద్యలో ఆనాడు సర్వయూరపుఖండమునకును గురువు స్వీడను దేశస్థుడగు లిన్నేయసు. అంతకుముందు పండితులు ఒక్కొక్క చెట్టును గుర్తించుటకు ఒక పెద్ద వాక్యమంత పేరు వ్రాయుచుండిరి. లిన్నేయసు 1753లో ప్రకటించిన గ్రంథములో ప్రతి వృక్షమునకును రెండే మాటల పేరు పెట్టెను. మొదటి మాట యింటిపేరువంటిది, రెండవది సొంతపేరువంటిది. ఈ పద్ధతివలన చైనాలోని పండితుడును, మన హైదరాబాదులోని పండితుడును ఒకే చెట్టును ఒకే పేరుతో పిలువ గలిగిరి. కోనిగు 1757లో ఈ మహనీయునియొద్ద శిష్యుడై యుండెను. అటుపిమ్మట డెన్మార్కు దేశమున కొన్ని సంవత్సరములు గడపి, ఆ కాలముననే మంచుదేశమగు ఐస్లాండునకు పోయి అచటి మొక్కలను పరీక్షించెను. ఆ చలిదేశమున నేలనంటి పెరుగు ఒక అతి చిన్న మొక్కకు లిన్నేయసు 1767లో కోనిగియా యని శిష్యుని పేరు పెట్టెను. గురువు శిష్యునకు ఇచ్చిన మొదటి బహుమానమది.

ఆ సంవత్సరముననే కోనిగు ఓడయెక్కి 1768లో తరంగంబాడి చేరెను. కావేరీ ముఖద్వారమునకు సమీపమున నున్న ఈ యూరు అప్పుడు డెన్మార్కువారి స్థావరము. 1706లో ప్రారంభమైన మిషను సేవ అచట జరుగుచుండెను. ఈయన ఆ మిషనునకు వైద్యుడుగా వచ్చెను. రోగులను చూచుట నిత్యకృత్యము. మిగిలిన సమయమున పొలముల గట్లవెంబడియు, ఇసుక దిబ్బలవెంబడియు, అడవులవెంబడియు తిరిగి మొక్కలను సేకరించుట ఆయన కభిరుచి. ప్రతి మొక్కయొక్క పువ్వును విప్పి, కేసరములను లెక్కించి, కాయను కోసి, గింజను చూచి, కన్నదంతయు కాగితముపై వ్రాసికొనెడివాడు. ఆ కొమ్మను కాగితముల నడుమ అణచి, ఎండబెట్టి, ఓడలమీద యూరపు పండితులకు పంపెడివాడు. ఒక్క యుత్తరము చేరి జవాబు వచ్చుటకు ఏడాదికి పైబడుటయు కలదు. ఇప్పుడు క్షణములో చిత్రమును పంపగల మన విద్యార్థులు ఆ ఓర్పును ఒక్కమారు తలంచుకొనవలెను.

ఈయన తరంగంబాడి వచ్చిన మూడేండ్లకు, 1771లో, లిన్నేయసు తన గ్రంథమునందు కరివేపచెట్టునకు బెర్గెరా కోనిగీ యని నామకరణము చేసెను. తరువాతివారు ఆ చెట్టును ముఱ్ఱాయా యను వంశములో చేర్చిరి. ఇప్పుడు కొందఱు శాస్త్రజ్ఞులు మరల బెర్గెరా యను పేరునకే వచ్చియున్నారు. ఇంటిపేరు మారినను సొంతపేరు మారలేదు. ఎట్లు వ్రాసినను కోనిగు పేరు దానియందు నిలిచియున్నది. ఆ బాలిక ప్రశ్నకు సగము జవాబిది.

ఇక నొక సంగతిని దాచక చెప్పవలసియున్నది. కోనిగు జీవితాంతము మిషను సేవలో నుండలేదు. ఆ స్వల్ప వేతనముతో దేశసంచారము చేయుటయు, కాగితములు కొనుటయు, కూలీలను పెట్టుకొనుటయు సాధ్యము కాకపోయెను. 1774లో ఆయన ఆర్కాటు నవాబు కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా చేరెను. దాని నొక దోషముగా నెన్నువారు ఉండవచ్చును. మేమట్లు తలంపము. ఉపాధ్యాయ వృత్తిలో నున్న మాకును కోరిన పనికిని చాలిన జీతమునకును గల దూరము తెలియని విషయము కాదు. ఆయన కొలువు మార్చినాడే కాని పని మార్చలేదు. నవాబుకొలువులో నున్నను, 1778లో చెన్నపట్టణపు ఇంగ్లీషు కుంపిణీ కొలువునకు మారినను, ఆయన చేసినది ఒక్కటే: మొక్కలను చూచుట, వ్రాయుట, పంపుట.

కుంపిణీవారు 1778లో ఈయనను సయాము, మలక్కా దేశములకు పంపిరి. 1780 వఱకు ఆ ప్రాంతముల తిరిగి అచటి వృక్షములను గూర్చి దినచర్య వ్రాసెను. మొక్కలేకాక పురుగులును ఈయన దృష్టికి వచ్చెను. ఈయన పంపిన కీటకములకు ఫాబ్రిషియసు అను కీటకశాస్త్రజ్ఞుడు పేళ్లు పెట్టెను. మన యిండ్లలో ద్వారబంధములను తినివేయు చెదలను గూర్చి ఈయన వ్రాసిన వ్యాసము 1779లో ప్రకటింపబడెను. పుట్టనుచూచి తొలగిపోవువారు వేలకొలది. ఆ పుట్ట లోపల జీవితమెట్లు నడచునో చూడబూనినవారు అప్పుడు చాల కొద్దిమంది.

ఈయన పంపిన వానిలో రెండవ చిన్న వృక్షము ఒకటి కలదు. దానిని చెప్పుటకే ఈ వ్యాసమును ప్రారంభించితిమి. అది యెఱ్ఱచందనము. లిన్నేయసు 1778లో మరణించెను. ఆయన కుమారుడు తండ్రి గ్రంథములకు అనుబంధముగా నొక గ్రంథమును సిద్ధపఱచి 1781లో ముద్రింపించెను. అందు కోనిగు పంపినదాని యాధారమున ఎఱ్ఱచందనమునకు టెరోకార్పసు సాంటలైనసు అను పేరు మొదటిసారి ఈయబడెను. మొదటి మాటకు రెక్కగల కాయ యని యర్థము.

అంతకుముందు ఆ చెట్టు ఎవ్వరికిని తెలియదని తలంపరాదు. మన కొండలలో నివసించువారికిని, వైద్యులకును, బొమ్మలు చెక్కువారికిని అది తరతరములనుండి పరిచితమే. దాని కలపను అద్దకపు రంగునకై యూరపువర్తకులు ఓడలలో కొనిపోవుచునే యుండిరి. కాని కలపను కొన్నవాడు చెట్టును చూడలేదు. ఎఱ్ఱని మొద్దుగా మాత్రమే తెలిసిన ఆ వస్తువునకు ఆకు లెట్టివి, పువ్వు లెట్టివి, కాయ యెట్టిది యని చూచి, సరుకుల పట్టికలోనుండి దానిని తీసి ప్రాణముగల వృక్షముల పట్టికలో చేర్చుటకు కోనిగు తోడ్పడెను. ఇదియే ఆయన చేసిన యుపకారము.

విద్యార్థులు కొందఱు శ్రీగంధమును, ఎఱ్ఱచందనమును ఒక్కటే యనుకొందురు. అవి వేఱువేఱు కుటుంబములవి. శ్రీగంధమునకు పరిమళము కలదు. ఎఱ్ఱచందనమునకు దాదాపు లేదు. ఎఱ్ఱచందనము చిక్కుడు, కానుగ చెట్ల కుటుంబములోనిది. సాధారణముగా 8 మొదలు 10 మీటర్ల ఎత్తు పెరుగు చిన్న వృక్షము. బెరడు నల్లనై మొసలి వీపువలె పగుళ్లు దేరియుండును. ఒక్కొక్క కాడకు తఱచుగా మూడు గుండ్రని ఆకులుండును. వేసవిలో పసుపుపచ్చని పువ్వులు పూచును. కాయ చుట్టును పలుచని రెక్క యుండుటచేత గాలికి ఎగిరిపోవును. దాని చేవ ముదురు ఎఱుపు. నీటిలో వేసిన మునుగునంత బరువు. ఆ చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను.

ఈ వృక్షము భూమండలమున సహజముగా పెరుగు చోటు ఒక్కటే. తూర్పు కనుమల దక్షిణభాగమందలి శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలు దాని పుట్టినిండ్లు. కడప, చిత్తూరు, నెల్లూరు సీమలు ముఖ్యములు; కర్నూలు, ప్రకాశము సీమలలోను, తమిళదేశపు సరిహద్దులలోను కొంత కలదు. మఱియే ఖండమునను ఇది తనంతట మొలవదు. మన తెలంగాణమునందును నాటినచో పెరుగునే కాని అడవిలో సహజముగా లేదు. రాతినేల, తక్కువ వాన, తీవ్రమైన యెండ — ఇతర వృక్షములకు గిట్టని యీ మూడును దానికి సరిపడును. మంచి నేలలో పెట్టినచో త్వరగా పెరుగును గాని చేవ యంతగా పట్టదని పెంచువారు చెప్పుదురు.

కోనిగు చరమయాత్ర తెలుగుదేశమునందే జరిగెను. 1784లో ఈయన విశాఖపట్టణమున పాట్రికు రస్సెలు అను వైద్యుని దర్శించెను. మన దేశపు సర్పములనుగూర్చి తరువాత గొప్ప గ్రంథమును రచించినవాడు ఆ రస్సెలే. రక్తపింజరకు ఇంగ్లీషున ఆయన పేరే కలదు. పిమ్మట 1785లో కోనిగు జిగట విరేచనముల వ్యాధిపాలయ్యెను. కాకినాడకు చేరిన జగన్నాథపురమున పడకపట్టెను. సామర్లకోటలో నుండిన విలియము రాక్సుబరో యను మిత్రుడు, వైద్యుడు, ఆయనకు పరిచర్య చేసెను. వ్యాధి తగ్గలేదు. అనేకుల వ్యాధులకు మందిచ్చిన ఈ వైద్యుడు 1785వ సంవత్సరము జూను 26వ తేదీన, తన యేబదియాఱవ యేట, స్వదేశమునకు వేల మైళ్ల దూరమున దేహము చాలించెను. పదునేడేండ్ల శ్రమఫలమగు వ్రాతలను లండనునందలి సర్ జోసెఫు బ్యాంక్సునకు చెందునట్లు ఏర్పాటు చేసెను. కుంపిణీ కొలువున ఆయన స్థానమును రస్సెలు పొందెను. రాక్సుబరో సామర్లకోటలోని తోటను పెంచి, 1793లో కలకత్తా తోటకు అధిపతియై, కోరమండలు తీరపు వృక్షములను గూర్చిన మహాగ్రంథపు ప్రథమ సంపుటమును 1795లో వెలువరించెను. భారతదేశ వృక్షశాస్త్రమునకు తండ్రియని లోకము రాక్సుబరోను కొనియాడును. ఆ తండ్రికి దారి చూపిన పెద్దలలో కోనిగు ఒకడు.

ఇప్పుడు ఆ రెండు వృక్షములు ఏస్థితిలో నున్నవో చూతము.

కరివేపకు ఎట్టి భయమును లేదు. హిమాలయపు దిగువ అడవులు మొదలు సింహళము వఱకు అది అడవిలో పెరుగుచున్నది. మనవారు మారిషసునకు, దక్షిణాఫ్రికాకు, ఫిజీకి, మలయాకు కూలికి పోయినప్పుడు అదియు వారితో పోయెను. నల్లని పండ్లను పక్షులు తిని గింజలను విడుచును. వేళ్లనుండి పిలకలు లేచును. పిలకను పొరుగింటి కిచ్చుట మన స్త్రీలకు వాడుక. నాంపల్లిలో మెట్రో వంతెన నీడను పడియున్న యిరుకు ఇంటి గుమ్మమునను పగిలిన కుండలో నొక కరివేప మొక్క కనబడును. ప్రతిదినమును ఆకును త్రుంచుచున్నను చెట్టు తఱుగలేదు. ఏలయన త్రుంచు చేయియే నాటుచున్నది.

ఎఱ్ఱచందనపు గతి వేఱు. దానిని కోరువారు దూరదేశములవారు. చైనాలో విలువైన పీఠములకును, జపానులో షామిసెను అను తంత్రీవాద్యపు మెడకును ఆ కలపను వాడుదురు. కోరువాడు చెట్టును చూడడు. నరకువాడు కూలికి నరకును. మధ్యనున్నవాడు ధనమును గడించును. నాటువాడు మాత్రము వీరిలో లేడు. అంతరించుచున్న జీవజాతుల వర్తకమును అదుపుచేయు అంతర్జాతీయ ఒడంబడికలోని రెండవ పట్టికలో 1995లో ఈ చెట్టును చేర్చిరి. ప్రకృతి సంరక్షణ కొఱకైన అంతర్జాతీయ సంఘమువారు దీనిని అపాయములో నున్న జాతిగా గణించి, 2018లో అపాయమునకు సమీపించిన జాతిగా కొంత తగ్గించి, 2021 నాటి పరిశీలనలో మరల అపాయములోనున్న జాతులలోనికి చేర్చిరి. మూడు తరముల కాలములో వీని సంఖ్య నూటికి 50 మొదలు 80 వఱకు క్షీణించినదని వారి లెక్క. ఇచట తరమనగా చెట్టు తరమని గ్రహింపవలెను. 2010లో శేషాచల ప్రాంతమును జీవావరణ రక్షితమండలముగా ప్రభుత్వము ప్రకటించెను. 2004 మొదలు ఈ వర్తకమునుగూర్చి మన దేశము అంతర్జాతీయ ప్రత్యేక విమర్శకు లోనైయుండెను. తోటలలో పెంచిన చెట్లనుగూర్చిన వివరములను సమర్పించిన మీదట, 2023 నవంబరులో ఆ విమర్శనుండి విడుదల పొందెను. రైతులు సొంతభూములలో నాటుట ఇప్పుడు కొంత వ్యాపించుచున్నది. ఇది మంచి సూచన.

అయినను అడవిలో కలిగిన నష్టము చెట్లకు మాత్రమే కాదు. 2013 డిశంబరులో తిరుమల కొండల అడవిలో ఇద్దఱు అటవీశాఖవారు దొంగలచేత చంపబడిరి. 2015 ఏప్రిలు 7వ తేదీన చెట్లు నరకుటకు వచ్చిరని చెప్పబడిన 20 మంది శేషాచల వనములలో పోలీసుల కాల్పులకు మరణించిరి. వీరిలో నధికులు తమిళదేశపు పేద కూలీలు. కాపాడబోయినవాడును ప్రాణము కోల్పోయెను. కూలికి పోయినవాడును కోల్పోయెను. రెండిండ్లలోను పిల్లలు తండ్రులకొఱకు ఎదురుచూచిరి. తరగతిలో ఎఱ్ఱచందనము పేరెత్తగానే బాలురందఱు నవ్వి, 2021లో వచ్చిన చలనచిత్రమును తలచి, దొంగరవాణా వీరుని నడకను అనుకరించిరి. మేమును నవ్వితిమి, కాని పిమ్మట ఈ సంగతిని చెప్పగా తరగతి నిశ్శబ్దమయ్యెను. ఆ చెట్టు ఆకు ఎట్లుండునో చెప్పగలవారెవ్వరని యడుగగా ఒక్క చేయియు లేవలేదు. కోనిగునకు పూర్వము కలపను కొన్న వర్తకునివలెనే మనమును మొద్దును ఎఱుగుదుము, చెట్టును ఎఱుగము.

ఈ చరిత్రమునుండి విద్యార్థులు గ్రహింపవలసినది ఇదియే. పరదేశమునుండి వచ్చిన యొక వైద్యుడు, చాలీచాలని జీతముతో, మన పాదములక్రింది మొక్కలను మోకాళ్లపై కూర్చుండి చూచెను. ఎఱుగుటయే కాపాడుటకు మొదటి మెట్టు. అది యొక్కటియే చాలదని ఎఱ్ఱచందనము చూపుచున్నది. పేరు పెట్టి రెండువందల నలుబదియేండ్లు దాటినను దాని యపాయము తీరలేదు. రెండవ మెట్టు నాటుట. వాడుకొను చేయియే నాటినప్పుడు చెట్టు నిలుచునని కరివేప చూపుచున్నది.

ఆ తరగతివారు ఈ సంవత్సరము మొక్కల తోటనుండి ఎఱ్ఱచందనపు మొక్క నొకదానిని కొని పాఠశాల ప్రాకారము ప్రక్క నాటిరి. మొదట ప్రశ్న యడిగిన బాలిక తన యింటి కుండీలోని కరివేప పిలకను తెచ్చి దానికి ప్రక్కన పెట్టెను. కరివేపాకును వచ్చే యేటనే వంటకు కోయవచ్చును. ఎఱ్ఱచందనమునకు చేవ పట్టునాటికి దానిని నాటినవారి తలలు నెరసియుండును. నీరు పోయించిన మేము ఉండము. అప్పుడు ఈ ఆవరణమునకు వచ్చు పిల్లలెవరైన ఆ మూడేసి గుండ్రని ఆకులను చూచి అది యే చెట్టని యడిగినచో, చెప్పగల పెద్దలొకరైనను ఈ తరగతినుండి ఉందురని మేము ఆశించుచున్నాము.